ఒక మంట, నాలుగు పనులు

పెరట్లో ఒక మూల దాలిగుంట ఉండేది. గుండ్రటి చిన్న గొయ్యి, చుట్టూ మట్టి మెత్తిన అంచు, అడుగున పిడకలు, పైన కాస్త ఊక. పొద్దున్నే అంటించి, మంట లేవకుండా నివురు కప్పి, పాలకుండ పెట్టి వెళ్ళిపోతే మళ్ళీ సాయంత్రం దాకా ఎవరూ అటు చూడనక్కర్లేదు. పాలు పొంగవు, అడుగంటవు. పొద్దు వాలేసరికి లేత ఎరుపు తిరిగి, మందంగా మీగడ కట్టి ఉండేవి. ఆ పాలు తోడుపెట్టిన పెరుగు రుచిని తలుచుకుని తెలుగువాళ్ళు ఇప్పటికే చాలా రాశారు కాబట్టి రుచి సంగతి వదిలేస్తాను. దాలి వెనక ఉన్న లెక్క మాత్రం అంతగా ఎవరికీ పట్టినట్టు లేదు. పిడక, ఊక రెండూ పొయ్యికి అంత పనికొచ్చేవి కావు. పొగ ఎక్కువ, సెగ తక్కువ. ఎనిమిది గంటలపాటు సన్నసెగ తప్ప మరేమీ అడగని పని ఏదో వెతికి, ఈ నాసి ఇంధనాన్ని ఆ పనికి అప్పగించారు. చేవ ఉన్న కట్టె అన్నానికీ కూరకూ మిగిలింది. ఏ పనికి ఎంత వేడి కావాలో, ఆ వేడి ఎంత తక్కువ ఖరీదు వస్తువుతో వస్తుందో తెలిసినవాళ్ళు చేసిన ఏర్పాటు ఇది.

ఒక రోజు మంట ఎలా నడిచేదో చూస్తే ఈ లెక్క ఇంకా తేటపడుతుంది. తెల్లవారకముందే నీళ్ళ కాగు కింద కొబ్బరి మట్టలో, కంది కంపో, ఊడ్చి పోగేసిన ఎండుటాకులో వేసి వెలిగించేవారు. స్నానాల నీళ్ళకు ఏ చెత్త మంటైనా చాలు. సెగ హెచ్చినా తగ్గినా నీళ్ళు పాడైపోవు. కాస్త కలిగిన ఇళ్ళలో రాగి బాయిలరు ఉండేది. నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు, కాబట్టి వేడి వృథాగా బయటపడే దారి తక్కువ. వంటింట్లో పెద్ద పొయ్యి పక్కన, లోపలి సందుతో దానికి కలిసి, ఇంకో చిన్న పొయ్యి ఉండేది. దానికి విడిగా కట్టె పెట్టేవారు కారు. పెద్ద పొయ్యి మీద ఎసరు కాగుతుంటే, అటు నుంచి మళ్ళిన సెగతోనే ఇటు పప్పు ఉడికేది. అన్నం వార్చిన గిన్నెను నిప్పుల మీదికి జరిపి మగ్గనిచ్చేవారు. వంట ముగిశాక కట్టెలను కాలిపోనివ్వకుండా బయటికి లాగి, నీళ్ళు చిలకరించి ఆర్పేవారు. అలా దొరికిన బొగ్గులు కుంపటికీ ఇస్త్రీపెట్టెకూ వెళ్ళేవి. పొయ్యిలో మిగిలిన నిప్పుల్లో వంకాయో చిలగడదుంపో కాలేది. రాత్రి నివురు కప్పిన నిప్పును తెల్లారి ఊదితే మళ్ళీ రాజుకునేది; ఎప్పుడైనా పూర్తిగా ఆరిపోతే పొరుగింటికి పిడక ముక్క పట్టుకెళ్ళి నిప్పు తెచ్చుకునేవారు, అగ్గిపుల్ల కూడా లెక్కే కాబట్టి. చివరికి మిగిలిన బూడిద గిన్నెలు తోమడానికి, పిడక కచిక పళ్ళు తోముకోవడానికి, మిగతాది పెంటపోగు మీదుగా పొలానికి చేరేది.

ఇదంతా విని ఆ పొయ్యి గొప్పదనుకుంటే పొరపాటు. పొయ్యిగా చూస్తే అది దండగమారి సాధనం. కిలో ఎండు కట్టెలో సుమారు 16 మెగాజౌళ్ళ వేడి ఉంటుంది. నాటు పొయ్యిలో అందులో పదోవంతు గిన్నెకు చేరితే గొప్ప. మిగతాది పొగతో పాటు గాలిలోకీ, పొయ్యి గోడల్లోకీ పోతుంది. కిలో వంటగ్యాసులో 46 మెగాజౌళ్ళు ఉంటాయి, అందులో సగానికి పైగా గిన్నెకు అందుతుంది. ఈ లెక్కన 14.2 కిలోల సిలిండరు ఒకటి చేసే పనికి రెండు క్వింటాళ్ళకు పైబడి కట్టెలు కావాలి. అలాంటి పొయ్యి పెట్టుకుని కూడా తక్కువ ఖర్చుతో సంసారాలు నడిచాయంటే ఆ పొదుపు పొయ్యిలో ఉండి ఉండదు. అది పనుల వరసలో ఉంది, ఒక పనికి వాడిన వేడిని ఇంకో పనికి అందించే ఏర్పాటులో ఉంది, ఇంటి కట్టడంలో ఉంది. పాత ఇంటిని తలుచుకునేటప్పుడు మనం కుండనూ కట్టెల పొయ్యినీ గుర్తు చేసుకుంటాం. రిసార్టుల్లో వాటినే బొమ్మల్లా పెట్టి డబ్బు వసూలు చేస్తున్నారు. పోగొట్టుకున్నది ఆ వస్తువులనని మనకనిపిస్తుంది. నా వాదన వేరు. వస్తువులు పోవడం మంచిదే. వాటి లోపాలను కప్పిపుచ్చి ఇల్లు నడిపిన ఆ క్రమం కూడా వాటితోపాటే పోయింది. మంచి వస్తువులు వచ్చాక కూడా బిల్లులు పెరుగుతున్నాయంటే అందుకే.

ఏ ఊరికి ఆ ఊరు ఇంధనం. కోనసీమలో కొబ్బరి మట్టలు, డొక్కలు. తీరం వెంట సరుగుడు. రాయలసీమలో, పాలమూరులో తుమ్మ, వేరుశనగ పొట్టు. పత్తి పండే చోట పత్తికట్టె. వడ్ల మిల్లుల చుట్టూ ఊక. అనకాపల్లి వైపు బెల్లం వండేవాళ్ళు చెరుకు పిప్పినే ఎండబెట్టి ఆ చెరుకు రసం కిందే మండించారు. పట్నాల్లో కట్టెల అడితి నుంచి బండెడు కట్టెలు దించుకోలేనివాళ్ళకు సామిల్లు పొట్టు ఆధారమైంది. రేకు డబ్బా నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టును దట్టంగా కూరి, సీసా మెల్లగా లాగేస్తే గొట్టంలా దారి ఏర్పడుతుంది. అడుగు రంధ్రంలో చిన్న పుల్ల పెట్టి అంటిస్తే గంటల తరబడి, ఊదే పని లేకుండా, సమంగా మండుతుంది. కొనేవాడు లేని పొట్టును ఇంధనంగా మార్చిన ఈ డబ్బాను ఏ ప్రయోగశాలా కనిపెట్టలేదు. నిప్పుకు గాలి ఎటు నుంచి రావాలో తెలిసిన మనిషెవరో ఎప్పుడో కనిపెట్టారు, మిగతావాళ్ళు చూసి చేసుకున్నారు.

వంటలోనూ అదే తీరు. మరుగుతున్న నీళ్ళ కింద మంట ఎంత పెంచినా నీళ్ళు నూరు డిగ్రీలు దాటవు, ఆవిరే ఎక్కువవుతుంది. ఒక లీటరు నీళ్ళను ఆవిరి చేయడానికి పట్టే వేడితో ఏడెనిమిది లీటర్ల చన్నీళ్ళను మరిగించవచ్చు. పాతకాలపు వంటింట్లో ఈ అంకెలు ఎవరికీ తెలియవు. తెలియకపోయినా ఎసరు మరగగానే కట్టె వెనక్కి లాగి, మూత పెట్టేవారు. కొలత ప్రకారం నీళ్ళు పోసి, వార్చకుండా అత్తెసరు పెట్టడం కూడా ఇలాంటిదే: గంజితో పాటు వేడిని పారబోయనక్కర్లేదు. వార్చిన ఇంట్లోనూ గంజి వృథా కాలేదు. ఉప్పేసుకుని తాగారు, చీరలకూ పంచెలకూ పెట్టారు, మిగిలింది కుడితిలో పోశారు. శనగలు, పెసలు రాత్రే నీళ్ళలో పడేవి. రాత్రి మిగిలిన అన్నం మజ్జిగలోనో నీళ్ళలోనో ఉండి, పొద్దున చద్దన్నమై పిల్లలకూ పొలం పోయేవాళ్ళకూ కడుపు నింపేది. అంటే రోజుకు ఒక పూట పొయ్యి వెలిగించే పనే లేదు. ఇక వేసవి వస్తే అసలు ఇంధనం ఎండే. వడియాలు, అప్పడాలు, మామిడి ఒరుగులు, మాగాయ ముక్కలు, ఏడాదికి సరిపడా మిరపకాయలు, చింతపండు అన్నీ డాబాల మీద, వాకిళ్ళలో చాపల మీద ఎండేవి. ఫ్రిజ్ చేసే పనిని రెండు నెలల ఎండ ముందుగానే చేసి పెట్టేది. పసిబిడ్డ స్నానానికి గంగాళంలో నీళ్ళు పోసి పెరట్లో ఎండకు పెట్టేవారు. అది సోలార్ హీటరే. బిగించడానికి మనిషి రావక్కర్లేదు.

వంటకన్నా పెద్ద ఖర్చు ఇవాళ చల్లదనం. పాత ఇంట్లో దానికి నెలనెలా పైసా లేదు, ఎందుకంటే ఆ ఖర్చంతా కట్టేటప్పుడే పెట్టేశారు. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నాలుగు పక్కలా వాలిన పెంకు, నడుమ ఆకాశం. వేడెక్కిన గాలి మండువా నుంచి పైకి పోతుంటే వసారాల కింది నీడగాలి లోపలికి వచ్చేది. పెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుంది కాబట్టి పొద్దు కుంకిన కాసేపటికే కప్పు చల్లబడేది. రాయలసీమలో దీనికి పూర్తిగా వేరే పద్ధతి. మందపాటి రాతిగోడలు, పైన కర్రలు పరిచి, మట్టి వేసి, చౌడు కప్పిన మిద్దె, వెలుతురుకూ పొగ పోవడానికీ పైన గవాక్షి. పగటి ఎండ ఆ మందం దాటి లోపలికి చేరేలోగా పొద్దు వాలిపోయేది. శ్రీకాకుళం తీరంలో గాలివానకు నిలిచే చుట్టిళ్ళ కప్పు చూరు చేతికి అందేంత కిందికి దిగి ఉండేది. గోడ మీద ఎండ పడదు. సున్నం ఏడాదికోసారి, పండగ ముందో పెళ్ళి ముందో కొట్టేవారు. తెల్లటి గోడ అందం కోసమని అనుకుంటాం గానీ, ఎండను తిప్పికొట్టడంలో తెలుపును మించిన రంగు లేదు. ఇక తలుపులకు కట్టిన వట్టివేళ్ళ తడికలు, వాటి మీద చిలకరించిన నీళ్ళు, ఇసుక మీద పెట్టిన మంచినీళ్ళ కుండ: అన్నింటిలోనూ పనిచేసింది ఆవిరే. వంటింట్లో వేడిని దొంగిలించే ఆవిరే వసారాలో చల్లదనం తెచ్చిపెట్టేది. అక్కడ దాన్ని మూతతో ఆపారు, ఇక్కడ తడికతో పిలిచారు.

డబ్బు లెక్కకు వస్తే, ఖర్చు కంటికి కనిపించేది. వానలు పడకముందే కట్టెలు చీల్చి చూరు కింద పేర్చేవారు. ఆ పేర్పు ఎంత తరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు. కిరసనాయిలు డబ్బాను ఊపి చూస్తే చాలు, రేషన్ షాపులో మళ్ళీ ఎప్పుడు పోస్తారో, అప్పటి దాకా లాంతరు ఎన్ని గంటలు వెలగవచ్చో ఇల్లాలికి లెక్క తేలేది. తెలంగాణలో గ్యాసునూనె, కందిలి అన్నా లెక్క అదే. చీకటి పడకముందే అన్నాలు తినడం, పిల్లలంతా ఒక్క లాంతరు చుట్టూ కూర్చుని చదవడం ఎవరో బోధించిన నీతి వల్ల జరగలేదు. డబ్బా అడుగు కనిపించడం వల్ల జరిగింది. కరెంటు వచ్చాక ఖర్చు ముందు కాకుండా వెనక కనిపించసాగింది. మీటరు గేటు పక్కనో, అపార్టుమెంటు కింద తాళం వేసిన గదిలోనో తిరుగుతుంది. బిల్లు నెల తర్వాత వస్తుంది. ఆ అంకెలో ఫ్రిజ్ వాటా ఎంతో, గీజరు వాటా ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు. వాడకం ఎప్పటికప్పుడు కళ్ళెదుట కనిపిస్తే కొన్ని శాతమైనా తగ్గుతుందని పలు దేశాల్లో జరిగిన పరిశోధనలు చెప్పాయి. ఫోన్ రీచార్జి అయిపోవస్తోందంటే పొదుపుగా మాట్లాడిన తరం మనది. ఈ సంగతి మనకు పరిశోధన చెప్పనక్కర్లేదు. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితమన్న గృహజ్యోతి 2024లో తెలంగాణలో మొదలయ్యాక చాలా ఇళ్ళలో మీటరు వైపు చూడటం మళ్ళీ అలవాటైంది, గీత దాటితే బిల్లు మొత్తం మీద పడుతుందన్న భయంతో. కారణం ఏదైనా, చూపు మళ్ళీ అటు పోయింది.

ఇంతవరకూ చదివినవాళ్ళు కొందరు ఇప్పటికే ముఖం చిట్లించి ఉంటారు. వాళ్ళు అడిగే మొదటి మాట: అది తెలివి కాదు, లేమి, గతిలేక చేసిన దానికి ఇప్పుడు శాస్త్రం అంటగట్టడం ఎందుకు? ఇందులో సగం నిజం ఉంది. పొలం లేనివాళ్ళకు ఊకా లేదు, పశువు లేనివాళ్ళకు పిడకా లేదు. వాళ్ళ ఆడవాళ్ళు అడవికో గుట్టకో పోయి, రోజులో సగం నడిచి, తలమీద మోపు తెచ్చుకున్నారు. దానిలో అరమోపు అమ్ముకుని నూకలు కొన్నారు. ఆ ఇంట్లో పొదుపు అనే మాటకు చోటే లేదు, ఉన్నదే అంత. అయితే దాలి, బాయిలరు, మండువా పేదవాళ్ళవి కావు. మండువా లోగిళ్ళు కట్టినవాళ్ళు గాదెల నిండా ధాన్యం ఉన్నవాళ్ళు. కొనగలిగి కూడా వాళ్ళు సెగను ఒక పని నుంచి ఇంకో పనికి మళ్ళించారు. కాబట్టి ఆ క్రమం లేమి వల్ల మాత్రమే పుట్టిందనలేం. ఆ పిడకలు కొట్టిన చేతులు, కట్టెలు చీల్చిన చేతులు చాలాచోట్ల ఆ ఇంటివాళ్ళవి కావు, పాలేరువో పనిమనిషివో. లోగిలి ఫొటోల పుస్తకాల్లో వాళ్ళు కనపడరు.

రెండో ఆక్షేపణ దీనికన్నా బరువైనది, దానికి నా దగ్గర ఎదురుమాట లేదు. ఆ పొదుపు ఖరీదును ఆడవాళ్ళ కళ్ళూ ఊపిరితిత్తులూ నడుములూ చెల్లించాయి. కట్టె, పిడక పొగ పీల్చడం వల్ల ఊపిరితిత్తుల జబ్బులు, చంటిపిల్లల్లో న్యుమోనియా వస్తాయన్నది రుజువైన సంగతి. దేశంలో ఏటా లక్షల మరణాలకు ఇంటి పొగ కారణమని ఆరోగ్య సంస్థలు లెక్కగట్టాయి. ఒంటి శ్రమ సంగతి ఇంకొక లెక్కతో చూడండి. తిరగలి తిప్పేటప్పుడో రోకలితో దంచేటప్పుడో మనిషి ఒంటి నుంచి వచ్చే శక్తి సుమారు 75 వాట్లు. ఆ లెక్కన ఒక్క యూనిట్ కరెంటు పదమూడు గంటల ఎడతెగని దంపుడుకు సమానం. ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు మీద, మిక్సీ మీద పొదుపు చేయమని ఏ ఇల్లాలికైనా చెప్పేవాళ్ళు ఈ అంకెను ఒకసారి నోట్లో వేసుకుని నమలాలి. యంత్రం కొన్ని రూపాయలకు చేసే పనిని ఒక మనిషి రోజంతా ఒళ్ళు వంచి చేయాల్సి రావడం పొదుపు కాదు, దుబారా. రోలు, రోకలి మళ్ళీ తెచ్చుకుందామనే మాట ఎక్కువగా వాటిని ఎన్నడూ తిప్పనివాళ్ళ నోటే వినిపిస్తుంది.

అయితే పొగతో పాటు క్రమాన్ని కూడా పారేయాలా అన్నది వేరే ప్రశ్న. ఆ రెండింటినీ విడదీయవచ్చని హైదరాబాదులోనే ఒకాయన ఎప్పుడో చూపించాడు. హైదరాబాద్ ఇంజినీరింగ్ రిసెర్చ్ లాబొరేటరీస్‌కు డైరెక్టరుగా ఉన్న ఎస్.పి. రాజు 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం అచ్చువేశారు. ఆయన రూపొందించిన పొయ్యి మట్టిదే. ఒకే మంట, దాని సెగ వెళ్ళే దారిలో వరసగా గిన్నెలు, చివర గోడలోంచి పైకి పొగగొట్టం. పెద్ద పొయ్యి పక్కన సందుతో కలిసిన చిన్న పొయ్యిలో ఇల్లాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్న పనినే ఆయన పద్ధతిగా మలిచి, పొగకు మాత్రం బయటికి దారి చూపించారు. అది ఊరూరా పాకలేదు. 1983 చివర్లో కేంద్రం మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల పథకం కూడా 2002లో మూతపడింది. కట్టించిన పొయ్యిల లెక్క రాసుకున్నంత శ్రద్ధగా వాటి బాగోగులు ఎవరూ చూడలేదు. చివరికి పొగను వంటింటి నుంచి తరిమింది గ్యాసు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో డ్వాక్రా మహిళలకు కనెక్షన్లిచ్చిన దీపం పథకం, 2016 నుంచి ఉజ్జ్వల ఆ పనిని ముందుకు తోశాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 90 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతానికి పైగా ఇళ్ళు పొగలేని ఇంధనానికి మారాయి. అది మంచి మార్పు, అందులో మీనమేషాలు లెక్కించడానికేమీ లేదు.

మూడో ఆక్షేపణ ఇంజనీర్ల నుంచి వస్తుంది. క్రమం, వరస అంటూ మనుషుల అలవాట్ల మీద ఆధారపడటం దేనికి, సాధనాన్ని మెరుగుపరిస్తే సరిపోతుంది కదా అంటారు. వాళ్ళ చేతిలో రుజువులున్నాయి. 2006లో నక్షత్రాల లేబుళ్ళు వచ్చాక ఫ్రిజ్‌లు, ఏసీలు తినే కరెంటు నిజంగానే తగ్గింది. 60 వాట్ల పాత బల్బు చోట 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చింది. 75 వాట్ల ఫ్యాను పనిని కొత్తరకం మోటారు ఫ్యాను 30 వాట్లకు అటూఇటుగా చేస్తుంది. ప్రెషర్ కుక్కరు నీటి మరుగు స్థానాన్నే 120 డిగ్రీల దాకా పెంచి పప్పు వేళను సగానికి పైగా కోసేసింది. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే ఐదు నక్షత్రాల ఏసీని తెచ్చి పెడుతున్నది ఎక్కడ? పడమటి గోడకు చెట్టునీడ లేక, పైన నల్లబడ్డ సిమెంటు శ్లాబుతో, గాలి అటు నుంచి ఇటు ఆడే దారి లేని గదిలో. పగలంతా ఎండ మింగిన శ్లాబు రాత్రి పది దాటాక ఆ వేడినంతా మంచం మీదికి కక్కుతుంటుంది. ఏసీ చేసే పనిలో ఎక్కువ భాగం ఆ శ్లాబు తెచ్చిన వేడిని బయటికి తోడటమే. సాధనం బాగుపడింది, దానికి అప్పగించిన పని పెరిగింది. ఏసీ ఒక్క గంటలో తినే కరెంటుతో ఎల్‌ఈడీ బల్బు వంద గంటలకు పైగా వెలుగుతుంది. అయినా ఇళ్ళలో పిల్లలకు మనం చెప్పే పొదుపు పాఠం ఇప్పటికీ లైటు ఆర్పమనే. అది లాంతరు నాటి పాఠం. దాన్ని అలాగే పట్టుకున్నాం గానీ, తలుపుకు తడిక కట్టిన పాఠాన్ని వదిలేశాం.

గీజరు సంగతీ అంతే. బకెట్టు నీళ్ళను ఒంటికి పట్టేంత వేడి చేయడానికి అర యూనిట్ చాలు. పాతిక లీటర్ల తొట్టిని అరవై డిగ్రీలకు కాచి, మళ్ళీ దాంట్లో చన్నీళ్ళు కలుపుకుని, మిగిలిన వేడిని తొట్టిలోనే చల్లారబెట్టడానికి ఒక యూనిట్ పైచిలుకు. కాగు దగ్గర ఒకరి తర్వాత ఒకరు స్నానాలు కానిచ్చిన ఇంట్లో ఈ తేడా రాదు, వేడి నీళ్ళు నిలవుండే సమయమే లేదు కాబట్టి. ఇప్పుడు ఇంట్లో ఇద్దరు పిల్లలూ రెండు స్నానాల గదులూ ఉంటే గీజర్లు కూడా రెండు.

వేడి విషయంలో పాత ఇంటిని మరీ ఎత్తేయడం కూడా తగదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండాకాలం ఆ పాత ఇళ్ళ నాటికన్నా ఇప్పుడు కరుకు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే మధ్యాహ్నం తడిక కట్టుకుంటే చాలని ఎవరైనా అంటే అది బాధ్యత లేని మాట. ముసలివాళ్ళకూ జబ్బుపడ్డవాళ్ళకూ ఏసీ విలాసం కాదు. మట్టి మిద్దె ఏటా చౌడు పోయించుకోకపోతే కారుతుంది, పెంకుల్లో తేళ్ళుంటాయి, తాటాకు ఒక్క నిప్పురవ్వకు బూడిదవుతుంది. పాత కప్పు కింద ఎవరూ మళ్ళీ కాపురం ఉండనక్కర్లేదు. ఆ కప్పు చేసిన పనిని శ్లాబు చేత కూడా చేయించవచ్చా అన్నదే అడగాల్సింది. చేయించవచ్చు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన కూల్ రూఫ్ విధానం సారాంశం కూడా అదే: ఎండను తిప్పికొట్టే తెల్లటి పూతో, పలకలో కప్పు మీద ఉండాలని. గోడలకు ఏటా సున్నం కొట్టిన ఊళ్ళకు ఈ సంగతి విధానపత్రం రూపంలో తిరిగి వచ్చింది.

మిగిలిన ఆక్షేపణ తీరిక గురించి. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే ఇంట్లో, పెరడు లేని అపార్టుమెంటులో, పొద్దున ఏడింటికే బాక్సులు కట్టాల్సిన వంటింట్లో ఈ వరసలూ వాయిదాలూ ఎవరు చూస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ముఖ్యంగా ఆ చూడాల్సిన మనిషి మళ్ళీ ఆడమనిషే అయితే. కానీ రాత్రి శనగలు నానబెట్టడానికి, గిన్నె మీద మూత పెట్టడానికి, మరిగాక మంట తగ్గించడానికి పట్టే తీరిక ఎంత? స్నానాలు వరసగా కానిచ్చేసి గీజరు మీట ఆర్పడానికి పెరడు అవసరం లేదు. నిజానికి పాత పద్ధతుల్లో తీరికను తిన్నవి దంపుళ్ళు, ఊదడాలు, కట్టెల మోతలు. అవి పోయాయి, పోనివ్వండి. మిగిలినవాటిలో చాలావరకు మనిషి తీరికను పెంచినవే: దాలి అయినా, చద్దన్నమైనా, పొట్టుపొయ్యి అయినా, ఒకసారి పెట్టి మరిచిపోయి ఇంకో పనికి పోవడానికే పుట్టాయి.

తీరికకన్నా పెద్ద అడ్డంకి ఇంకొకటి ఉంది, దాని గురించి పొదుపు సలహాలు ఇచ్చేవాళ్ళు మాట్లాడరు. పాత ఇంట్లో కప్పు వేయించినవాడు, ఆ కప్పు కింద పడుకున్నవాడు, కట్టెల డబ్బు ఇచ్చినవాడు ఒకే కుటుంబం మనుషులు. గోడ మందం పెంచితే మేస్త్రీకి ఇచ్చే కూలి ఎక్కువవుతుంది, ఆ చల్లదనం మనవల దాకా అనుభవిస్తారు, కాబట్టి ఇచ్చేవారు. ఇప్పుడు కట్టేది బిల్డరు, అతని ఖర్చు తాళాలు అప్పగించేటప్పటికి ముగుస్తుంది. కొన్నది ఒకరు, ఉంటున్నది అద్దెకున్న ఇంకొకరు. డాబా మీద తెల్లపూత వేయించడానికి రెండు పూటల పని, కొద్దిపాటి డబ్బు చాలు. ఆ డబ్బు పెట్టాల్సింది ఓనరు. తగ్గేది అద్దెవాళ్ళ కరెంటు బిల్లు. అద్దెకున్నవాళ్ళు పదకొండు నెలల అగ్రిమెంటు మీద మరొకరి కప్పుకు సున్నం కొట్టించరు, తాను చెల్లించని బిల్లు కోసం ఓనరూ కొట్టించడు.